ఏఐతో తెలుగు పాట చేయడం ఎలా: హమ్మింగ్ నుంచి రిలీజ్ దాకా

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకి పాట అవసరం ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఓఎమ్మార్ అపార్ట్‌మెంట్‌లో ఉగాది ఫంక్షన్‌కి స్వాగత గీతం కావాలి. తమ్ముడు తీస్తున్న షార్ట్ ఫిల్మ్‌కి ఒక చిన్న బిట్ కావాలి. చెల్లెలి పెళ్ళి వీడియోకి కొత్త పాట ఉంటే బాగుండునని ఇంట్లో అంటారు. ఇదివరకైతే కీబోర్డ్ ప్రోగ్రామర్‌ని వెతుక్కుని, స్టూడియో గంటల లెక్కన మాట్లాడుకోవాలి. ఇప్పుడు సునో లాంటి యాప్‌లో ఒక్క లైను టైప్ చేస్తే నిమిషంలో పాట చేతికొస్తోంది. మొదటిసారి వింటే ‘అబ్బ’ అనిపిస్తుంది. మర్నాడు వింటే అందులో మీ ఊరూ ఉండదు, మీ చెల్లెలూ ఉండదు. ఎవరి పెళ్ళికి వేసినా నడిచిపోయే పాట అది.

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతి వేరు. పాట పుట్టే చోటా, పూర్తయ్యే చోటా మనుషులే ఉండాలి. ట్యూన్, మాటలు మీవి. చివర పాడే గొంతు మనిషిది. ఈ రెండింటి మధ్య బోలెడు పని ఉంటుంది: తాళం లూపులు (తిరిగి తిరిగి మోగే తాళం ముక్కలు), కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు), ఏ వాయిద్యం ఎక్కడ రావాలో చెప్పే నాలుగైదు రకాల అరేంజ్‌మెంట్లు వేసి చూసుకోవడం, డెమో తయారు చేయడం. ఏఐ నిజంగా పనికొచ్చేది అక్కడ. డబ్బు లేనివాళ్ళకీ, స్టూడియో గడప తొక్కడానికి మొహమాటపడేవాళ్ళకీ అది పెద్ద సాయం. ఆ సాయాన్ని వద్దనుకోనక్కర్లేదు.

ముందు ఫోన్‌లో హమ్ చేయండి

ఏ యాప్‌నీ తెరవకముందు ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, నోటికొచ్చిన తననాలతో ట్యూన్ పాడండి. గొంతు బాగుండాల్సిన పని లేదు, నడక తెలిస్తే చాలు. యాప్ ఇచ్చే ట్యూన్ ఒకటి ముందే చెవిలో పడితే, ఆ తర్వాత మీకు తట్టేదంతా దాని నీడలోనే తిరుగుతుంది. అందుకే ఈ వరస మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను.

నచ్చిన ముక్క దొరికాక రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి శ్రుతి. ఫోన్‌లో ఏదైనా కీబోర్డ్ యాప్ పెట్టుకుని మీ ‘స’ ఎక్కడ పడుతోందో చూడండి. ఇక్కడి సంగీతం మాస్టార్లు ‘ఎన్ని కట్టై’ అని అడుగుతారు. ఒకటి అంటే కీబోర్డ్ మీద సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు డి, ఐదు జి. మగవాళ్ళ గొంతులు ఎక్కువగా ఒకటి దగ్గర, ఆడవాళ్ళవి ఐదు దగ్గర సుఖంగా ఉంటాయి. చివర పాడబోయేది ఎవరో ముందే తెలిస్తే వాళ్ళ శ్రుతికే ట్యూన్ కట్టండి. రెండోది వేగం. ట్యాప్ టెంపో అనే సదుపాయం చాలా మెట్రోనోమ్ (తాళం వేసే) యాప్‌లలో ఉంటుంది. పాడుతూ తెర మీద తడితే అంకె చూపిస్తుంది. రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత ప్రతి మెట్టులోనూ ఇవే అడుగుతారు.

మాటలు: మాత్రలు లెక్కపెట్టే చోటు

తెలుగు పాట నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. కాస్త ఓపికగా చదవండి.

పొట్టి అచ్చుతో పలికే అక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం ఉన్నదీ, సున్న ఉన్నదీ గురువు, రెండు మాత్రలు. ఒక అక్షరం తర్వాత అదే మాటలో ఒత్తక్షరం వస్తే, ఆ ముందున్న అక్షరం కూడా గురువే. ‘పక్కన’లో ‘ప’ రెండు, ‘క్క’ ఒకటి, ‘న’ ఒకటి, మొత్తం నాలుగు. బళ్ళో చదువుకున్న ఛందస్సులో పాటకి కావలసింది ప్రస్తుతానికి ఇంతే.

మీ హమ్మింగ్ ‘తకిట తకధిమి, తకిట తకధిమి’ అని నడుస్తోందనుకుందాం. మూడు, నాలుగు, మూడు, నాలుగు. లైనుకి పద్నాలుగు మాత్రలు. ముత్యాల సరాల నడక ఇదే, కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు ఇదే. లోకల్ ట్రైన్‌లో కిటికీ పక్కన కూర్చుని పరాయి ఊళ్ళో తెలుగు పాట వినడం మీద పల్లవి కావాలి. ఇలా రాయవచ్చు:

రైలు గాలికి కిటికి పక్కన
తలను వాల్చిన తెలుగు పాటా
ఊరి పేరే అడగకుండా
గొంతు కలిపిన బాటసారీ

విడదీసి చూడండి. ‘రైలు’ మూడు, ‘గాలికి’ నాలుగు, ‘కిటికి’ మూడు, ‘పక్కన’ నాలుగు. ‘కిటికీ’ అని దీర్ఘం పెడితే నాలుగైపోయి తాళం జారుతుంది, కాబట్టి పాటలో ‘కిటికి’. రెండో లైను ‘తలను’ మూడు, ‘వాల్చిన’ నాలుగు, ‘తెలుగు’ మూడు, ‘పాటా’ నాలుగు. ఈ రెండు లైన్లలోనూ మాట విరిగే దగ్గరే తాళమూ విరుగుతోంది. పాడేవాళ్ళకి ఊపిరి తీసుకునే చోటు దొరికేది ఇలా రాసినప్పుడే.

ఇప్పుడు చాట్‌బాట్‌లు రాసిచ్చే తరహా లైను ఒకటి పక్కన పెట్టి చూద్దాం:

నీ జ్ఞాపకాల వెన్నెలలో
నా హృదయం నాట్యమాడింది

లెక్కపెడితే ఒక్కో లైనూ కచ్చితంగా పద్నాలుగే! అయినా మన ట్యూన్‌లో కూర్చోదు. ‘నీ’ రెండు, ‘జ్ఞా’ రెండు. మూడో మాత్ర దగ్గర తాళం విరగాల్సిన చోట ‘జ్ఞా’ నిట్టనిలువునా చీలిపోతోంది. రెండో లైన్లో ‘నా హృ’ దాకా మూడు సరిపోయింది, తర్వాత ‘దయం’ మూడు తినేసి మిగిలిన ఒక్క మాత్రలోకి ‘నా’ పట్టదు. మొత్తం కూడితే సరిపోవడం వేరు, విరుపు పడడం వేరు. చాట్‌బాట్‌కి ఈ తేడా చెవికి తెలియదు, ఎందుకంటే దానికి చెవి లేదు. అది తెలుగు వాక్యాన్ని అక్షరాలుగా కాకుండా టోకెన్లనే ముక్కలుగా చదువుతుంది. ఆ ముక్కలు చాలాసార్లు మన అక్షరాల హద్దుల దగ్గర తెగవు. పద్నాలుగు మాత్రలు రాయమంటే ‘రాశాను’ అని ధైర్యంగా చెప్పి పదహారు ఇస్తుంది. లెక్క మీరే చూసుకోవాలి. అర్థం సంగతి కూడా అంతే: వెన్నెల, హృదయం, జ్ఞాపకం, నాట్యం అనే నాలుగు మాటలతో అది వెయ్యి పాటలు రాస్తుంది, ఒక్కదాంట్లోనూ రైలు కిటికీ కనపడదు.

మరి చాట్‌బాట్‌ని దేనికి వాడాలి? మాటల బుట్టగా వాడండి. పాట రాయమని అడగకండి. ‘బాటసారికి బదులు వాడగలిగే మాటలు ముప్పై చెప్పు, వాడుక భాషలోవి, సంస్కృత సమాసాలు వద్దు’ అని అడగండి. ‘రైలు ప్రయాణంలో చెవికి వినిపించే చప్పుళ్ళు ఏవేవి’ అని అడగండి. ‘ఈ నాలుగు లైన్లలో ఎక్కడైనా అర్థం తికమకగా ఉందా, పాట మొదటిసారి వినేవాడికి ఏమనిపిస్తుంది’ అని అడగండి. ఇచ్చిన ముప్పై మాటల్లో ఇరవై అయిదు పారేసినా మిగిలిన అయిదింట్లో మీకు తట్టనిది ఒకటి ఉంటుంది. మూడు మాత్రల మాట ఏరుకునేటప్పుడు ‘గొంతు’, ‘తలను’ లాంటివి హాయిగా పడతాయి. ‘సదా’లా ముందు లఘువు, తర్వాత గురువు వచ్చేవి తెలుగు చెవికి ఎదురు నడకలా వినిపిస్తాయి. వీలైనంత వరకూ వదిలేయండి.

చరణాలకీ ఇదే దారి. ముందు తననాలు, తర్వాత లెక్క, ఆ తర్వాతే మాట.

గైడ్ ట్రాక్

సంగీతం తయారు చేసే ఏఐలు నాలుగు దెబ్బల తాళానికి బాగా అలవాటు పడ్డాయి. వాటికి నేర్పిన రికార్డింగుల్లో ఎక్కువ భాగం ఆ తాళంలోనివే కాబట్టి, ఏడు దెబ్బల నడక కావాలని ఎంత వివరంగా రాసినా తరచూ చివర ఒక దెబ్బ కలిపి ఎనిమిది చేసేస్తాయి. మన ‘తకిట తకధిమి’ ఎక్కడో సాగిపోయి, ‘పక్కన’ కాస్తా ‘పక్కనా...’ అవుతుంది. మాటల్లో ఎంత చెప్పినా తీరని ఈ ఇబ్బందికి మందు ఒకటే: మీ నడకని మీరే రికార్డు చేసి దానికి వినిపించడం. ఆ రికార్డింగే గైడ్ ట్రాక్.

దీనికి కంప్యూటర్‌లో ఒక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. బ్యాండ్‌ల్యాబ్ బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ ఉచితంగా నడుస్తుంది. కాస్త లోతుగా వెళ్ళేవాళ్ళకి రీపర్ బాగుంటుంది. 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడనిస్తారు. టైమ్ సిగ్నేచర్ (తాళం లెక్క) దగ్గర ఏడు బై ఎనిమిది పెట్టండి. టెంపో 100 పెడితే చాలా సాఫ్ట్‌వేర్‌లలో మాత్రలు నిమిషానికి 200 చొప్పున పడతాయి. ఏడు మాత్రల ఆవర్తం (తాళం ఒక చుట్టు) 2.1 సెకన్లు, పద్నాలుగు మాత్రల లైను 4.2 సెకన్లు, నాలుగు లైన్ల పల్లవి పదిహేడు సెకన్ల లోపు. మెలొడీకి ఇది సుఖమైన వేగం. కుర్రకారు పాట కావాలంటే కొంచెం పెంచండి.

మృదంగం గానీ తబలా గానీ ఒక్క లూపు వేసుకోండి, తకిట దగ్గర ఒక గట్టి దెబ్బ, తకధిమి దగ్గర ఒక దెబ్బ. దాని మీద మీ హమ్మింగ్‌ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ రికార్డు చేయండి. స్వరాలు విడిగా కావాలంటే స్పాటిఫై వాళ్ళు 2022లో ఉచితంగా విడుదల చేసిన బేసిక్ పిచ్ అనే సాధనం ఉంది. బ్రౌజర్‌లో హమ్మింగ్ ఫైలు వేస్తే మిడి నోట్లుగా, అంటే కంప్యూటర్ ఏ వాయిద్యం మీదైనా వాయించగల స్వరాలుగా మార్చి ఇస్తుంది. దాన్ని ఫ్లూట్ శబ్దానికో వీణ శబ్దానికో తగిలిస్తే మీ ట్యూన్ వాయిద్యం మీద వినపడుతుంది. గమకాలు మాత్రం చితికిపోతాయి. ఊగే స్వరాన్ని రెండు మూడు పొడి స్వరాలుగా ముక్కలు చేస్తుంది. వాటిని చెరిపేసి అసలు స్వరం ఒక్కటి ఉంచుకోండి. ఊగు సంగతి చివర పాడే మనిషి చూసుకుంటారు.

జనరేటర్‌కి ఏం చెప్పాలి

జనరేటర్ అంటే పాట పుట్టించే యాప్. సునోలో సొంత ఆడియో ఎక్కించే సదుపాయం ఉంది. గైడ్ ట్రాక్‌ని అక్కడ ఇచ్చి, దాని మీద అరేంజ్‌మెంట్ కట్టమని అడగండి. మీ హమ్మింగ్ కాని దాన్ని మాత్రం ఎక్కించకండి. సినిమా పాట ముక్క వేసి ‘ఇలాంటిదే కావాలి’ అనడం ఆ కంపెనీల నిబంధనలకీ విరుద్ధం, కాపీరైట్‌కీ విరుద్ధం.

స్టైల్ రాసే పెట్టెలో ‘తెలుగు మెలొడీ’ అంటే హిందీ పాటల డోలక్, తీపి వయొలిన్లు కలిపిన ఏదో ఒకటి వస్తుంది. వాయిద్యాల పేర్లు, వాటి పని చెప్పండి: ‘నైలాన్ గిటార్ ఒక్కటే మొదట, రెండో లైన్ నుంచి మృదంగం మెల్లగా, వేణువు లైన్ల మధ్య మాత్రమే, డ్రమ్స్ వద్దు’. ఇలా ఇంగ్లీషులో రాస్తే దానికి ఇంకా బాగా అర్థమవుతుంది. రాగం పేర్ల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మోహనం అనే బదులు మేజర్ పెంటటోనిక్ అనండి. శంకరాభరణం మేజర్ స్కేల్, నఠభైరవి నేచురల్ మైనర్, కీరవాణి హార్మోనిక్ మైనర్, ఖరహరప్రియ డోరియన్. స్వరస్థానాలు ఒకటే కాబట్టి ఈ పేర్లతో దగ్గరికి చేరవచ్చు. తోడి లాంటి రాగం ఊసే ఎత్తకండి. ఆ గాంధారం నిలబడే స్వరం కాదు, ఊగే స్వరం. ఆ ఊగు పోతే తోడి మిగలదు. మోహనం, హిందోళం లాంటి అయిదు స్వరాల రాగాల్లో ట్యూన్ కట్టుకుంటే ఈ పద్ధతిలో నష్టం తక్కువ.

సాహిత్యాన్ని తెలుగు లిపిలోనే ఇవ్వండి. పల్లవికి కోరస్ అనీ, చరణానికి వర్స్ అనీ చదరపు బ్రాకెట్లలో ఇంగ్లీషులో గుర్తు పెడితే ఏది ఎక్కడ తిరగాలో దానికి తెలుస్తుంది. ఇక ఉచ్చారణ. ఒత్తులు తేలిపోతాయి, ‘ళ’ కాస్తా ‘ల’ అవుతుంది, మాట చివరి అకారం హిందీ పాటలోలా మింగేసి ‘పక్కన్’, ‘వాల్చిన్’ అని పాడుతుంది. అలా పాడిన చోటల్లా రాతని చెవికి తగ్గట్టు మార్చి మళ్ళీ ఇవ్వాలి: ‘పక్ కన’, ‘వాల్ చిన’ అని విడగొట్టడం, అకారం నిలబడకపోతే చిన్న దీర్ఘం తగిలించడం.

ఈ పని చెన్నైకి కొత్తేమీ కాదు. త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో అచ్చేసిన పుస్తకం చూడండి. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేసి ఏ శబ్దమో చెబుతారు. తెలుగు రానివాళ్ళ నోట తెలుగు చెడకుండా పలికించడానికి ఈ ఊరు అంత శ్రద్ధ పెట్టింది. సినిమా పాటలు ఎక్కువగా కోడంబాక్కం, సాలిగ్రామం స్టూడియోల్లో తయారైన రోజుల్లోనూ తెలుగు మాతృభాష కానివాళ్ళు పాడిన తెలుగు పాటలు మన ఇళ్ళల్లో సొంత పాటలయ్యాయంటే పక్కన కూర్చుని అక్షరం అక్షరం దిద్దినవాళ్ళ చలవే. యంత్రం పాడిందని ఆ దిద్దుబాటు మానేస్తే ఎలా? డెమోలోనైనా ‘గొంతు’ గొంతుగానే వినపడాలి.

ఒకే సాహిత్యానికి నాలుగైదు రకాలు చేయించుకోండి, పాతిక వద్దు. ఎక్కువైన కొద్దీ చెవి మొద్దుబారి ఏది బాగుందో తెలియకుండా పోతుంది. విన్నవాటిలో ఏ క్షణం నచ్చిందో నిమిషం, సెకను వేసి రాసుకోండి: ఫలానా చోట వేణువు రావడం బాగుంది, ఫలానా చోట కార్డ్ మార్పు బాగుంది. మీకు కావలసింది ఆ ఆలోచనలు. వాటిని మీ సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ కట్టుకుంటే పాట మీ అదుపులో ఉంటుంది.

అంత ఓపిక లేకపోతే వచ్చిన ఆడియోనే ముక్కలుగా విడదీయవచ్చు. దీన్ని స్టెమ్ సెపరేషన్ అంటారు. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతా వాయిద్యాలు వేరు వేరు ఫైళ్ళుగా వస్తాయి. డెమక్స్, అల్టిమేట్ వోకల్ రిమూవర్ ఉచితం. ఏఐ మొత్తంలో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్నది ఈ పని మీద. బీటిల్స్ 2023 నవంబరులో విడుదల చేసిన పాటలో జాన్ లెనన్ గొంతుని పాత క్యాసెట్‌లో పియానో నుంచి విడదీసి తెచ్చింది ఇలాంటి పద్ధతే. అందులో వినపడేది ఆయన పాడిన పాటే, యంత్రం కల్పించినది కాదు. మీ ఇంట్లో తాతగారి పాట ఉన్న క్యాసెట్ ఉంటే దాని మీద కూడా ఒకసారి ప్రయత్నించండి. ఇక మన పని విషయానికి వస్తే, జనరేటర్ ఇచ్చిన గొంతుని తీసి పక్కన పెట్టి, వాయిద్యాల్లో పనికొచ్చేవి ఉంచుకోండి.

గొంతు మనిషిదే

డెమో తయారైంది. ఇప్పుడు పాడేవాళ్ళు కావాలి. వడపళని, సాలిగ్రామం, విరుగంబాక్కం చుట్టుపక్కల చిన్న రికార్డింగ్ గదులు చాలా ఉన్నాయి. గంటల లెక్కన ఇస్తారు. డెమో పక్కాగా ఉంటే, సాహిత్యం అచ్చు వేసి తీసుకెళితే, ట్యూన్ వెతుక్కుంటూ గడిపే గంటలు మిగులుతాయి. ఏఐ వల్ల మిగిలిన డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టండి. పాడేవాళ్ళకి ఒకరికి, ఒక్క లైవ్ వాయిద్యానికి. వేణువో వీణో నాదస్వరమో వాయించేవాళ్ళు ఇంతమంది ఒక్క ఊళ్ళో దొరకడం చెన్నైలో ఉన్నవాళ్ళ అదృష్టం. మిగతాదంతా కంప్యూటర్ వాయించినా ఒక్క నిజమైన వేణువు పైన పడితే పాట ఊపిరి పోసుకుంటుంది. పారితోషికం ముందే మాట్లాడండి, ఆ రోజే ఇచ్చేయండి.

ఇంట్లోనే పాడించాలంటే తెల్లవారుజామున పెట్టుకోండి, హారన్లు ఉండవు. ఫ్యాన్, ఏసీ ఆపండి. మైకు వెనక పరుపు నిలబెట్టి, బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచితే గది మోత తగ్గుతుంది. 24 బిట్‌లో రికార్డు చేయండి. గొంతు హెచ్చినప్పుడు మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఒక లైను మూడు నాలుగు సార్లు పాడించి బాగున్న ముక్కలు ఏరుకోండి. పిచ్ కరెక్షన్ (స్వరాన్ని సరిచేసే సాధనం) వాడితే నెమ్మదిగా, కొద్దిగా. గట్టిగా వేస్తే గమకాన్ని తప్పు స్వరం అనుకుని సాపు చేసేస్తుంది. చివరి మాస్టరింగ్‌లో (విడుదలకి ముందు మొత్తం శబ్దం సర్దేటప్పుడు) మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గర ఉంచితే స్పాటిఫై లాంటి చోట్ల శబ్దాన్ని తగ్గించే అవసరం రాదు.

ఒకటి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి: తెలిసిన గాయకుల గొంతుని ఏఐతో అనుకరించడం. సరదాకని మొదలుపెట్టి వాట్సాప్‌లో వదిలేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎ.ఆర్.రెహమాన్ 2024లో బాంబా బాక్యా, షాహుల్ హమీద్ అనే ఇద్దరు దివంగత గాయకుల గొంతుల్ని ఒక తమిళ సినిమా పాటలో ఏఐ ద్వారా వినిపించినప్పుడు వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చానని స్వయంగా చెప్పారు. అదే ఏడాది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుని అనుమతి లేకుండా ఒక తెలుగు సినిమాలో పుట్టించారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు 2024 జులైలో, గాయకుడి గొంతుని అనుమతి లేకుండా ఏఐతో తయారు చేసే సాధనాల మీద నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, నలభై ఏళ్ళ సాధనతో వచ్చిన గొంతుని ఆ మనిషి ఎన్నడూ పాడని మాటలకి తగిలించడం మర్యాద కాదు. మీకు పాడిపెట్టే అమ్మాయి గొంతు విషయంలోనూ ఇదే పాటించండి. ఆమె పాడిన ఫైళ్ళతో మోడల్ తయారు చేసుకోబోమని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

హక్కులు, అప్‌లోడ్

సునో ఉచిత ప్లాన్‌లో చేసిన పాటని వ్యాపారానికి వాడుకునే హక్కు ఉండదు. ఉచితంగా చేసేసి, తర్వాత డబ్బు కట్టినా పాత పాటకి ఆ హక్కు వెనక్కి వచ్చి చేరదు. ఇంట్లో పెళ్ళి వీడియోకైతే ఇబ్బంది లేదు. యూట్యూబ్‌లో ఆదాయం ఆశిస్తే మాత్రం జనరేట్ చేసే నాటికే డబ్బు కట్టిన ప్లాన్‌లో ఉండాలి. నిబంధనలు తరచూ మారుతున్నాయి కూడా. యూనివర్సల్, సోనీ, వార్నర్ కంపెనీలు 2024 జూన్‌లో సునో, యూడియోల మీద అమెరికాలో దావాలు వేశాయి. తర్వాత 2025లో కొన్ని రాజీలు జరిగాయి. రాజీ కుదిరాక యూడియో పాటల డౌన్‌లోడ్ ఆపేసింది. కాబట్టి మీకు నచ్చిన ఫైలు ఏదైనా వచ్చిన రోజే మీ డిస్క్‌లోకి దించుకోండి.

కాపీరైట్ విషయంలో మీరు రాసిన మాటలు, మీరు కట్టిన ట్యూన్ మీవే, మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. యంత్రం సొంతంగా పుట్టించిన భాగం సంగతి అంత తేలిక కాదు. మన 1957 కాపీరైట్ చట్టం, కంప్యూటర్ తయారు చేసిన రచనకి దాన్ని తయారు చేయించిన మనిషిని కర్త అంటుంది గానీ, ఆ మాట రాసినప్పుడు ఇలాంటి యాప్‌లు లేవు. అమెరికా కాపీరైట్ ఆఫీసు 2025 జనవరి నివేదికలో, కేవలం ప్రాంప్ట్ (యాప్‌కి ఇచ్చే సూచన) రాసినంత మాత్రాన కర్తృత్వం రాదనీ, మనిషి చేతి పని ఉన్న భాగానికే రక్షణ ఉంటుందనీ చెప్పింది. మాటలు, ట్యూన్ మీరే చేయాలని మొదటి నుంచీ పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. త్యాగరాజస్వామి కీర్తన వాడుకుంటే సాహిత్యానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరో పాడిన రికార్డింగుని వాడుకోవాలంటే మాత్రం అడగాలి. రికార్డింగుకి విడిగా హక్కు ఉంటుంది.

యూట్యూబ్‌లో ఎక్కించేటప్పుడు మార్చిన లేదా కృత్రిమంగా తయారు చేసిన కంటెంట్ ఉందా అని అడుగుతుంది. ఉందనే చెప్పండి. వివరణలో ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయండి: మాటలు, ట్యూన్ మీ పేరు, గాయని పేరు, వేణువు వాయించినవారి పేరు, అరేంజ్‌మెంట్ డెమోకి వాడిన సాధనం పేరు. స్పాటిఫై 2025 సెప్టెంబరులో, అంతకుముందు పన్నెండు నెలల్లో ఏడున్నర కోట్ల స్పామ్ ట్రాకులు తీసేశామని ప్రకటించింది. రోజుకి పది ఏఐ పాటలు గుమ్మరించే ఖాతాల మధ్య మీ పాట కలిసిపోకుండా ఉండాలంటే ఈ వివరాలు ఉండాలి.

ఒక ఫోల్డర్‌లో మొదటి హమ్మింగ్, కొట్టివేతలతో ఉన్న సాహిత్యం ఫొటోలు, గైడ్ ట్రాక్, ప్లాన్ రసీదు, గాయనితో రాసుకున్న కాగితం తేదీలతో దాచండి. పాట బయటికి వెళ్ళి నాలుగు చోట్ల వినపడడం మొదలైతే రచయితగా, స్వరకర్తగా ఐపీఆర్ఎస్‌లో (రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యత్వం తీసుకుని నమోదు చేయండి. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం కాక ఇతర చోట్ల పాట వాడినప్పుడు రచయితకీ స్వరకర్తకీ రాయల్టీ వాటా పోకుండా కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ కాపాడుతుంది. ఆ వాటా మీ దాకా రావాలంటే పాట మీ పేరు మీద నమోదై ఉండాలి.